గాయకుల గొంతు – మెంథాల్ బిళ్ల

అమెరికా చలికాలంలో, బేస్‌మెంటులో డ్రమ్ముల హోరు నడుమ పాడే మన పిల్లలు గొంతు బొంగురుపోగానే మెంథాల్ బిళ్ల చప్పరించి మళ్లీ పాటకు లేస్తారు. మా అమ్మాయీ అంతే. రసాయన శాస్త్రజ్ఞుడిగా నా భయమంతా అక్కడే. మెంథాల్ గొంతును చల్లబరచదు. చలిని పసిగట్టే టి.ఆర్.పి.ఎం.8 అనే గ్రాహకాన్ని ప్రేరేపించి, చల్లబడినట్లు భ్రమ కల్పిస్తుంది. నొప్పి మరుగున పడుతుంది; వాపు అలాగే ఉంటుంది. ఆ వాపుపైనే గట్టిగా పాడితే, అరచేతిలో వలెనే స్వరతంత్రులపైనా కాయలు కాస్తాయి.

శ్రుతికి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌ల 'ఎ' స్వరం పలికినప్పుడు ఆ తంత్రులు సెకనుకు 440 సార్లు తాకుకొంటాయి. వాటిని కాపాడేది పలుచని తేమపొర. త్రాగిన నీరు అన్నవాహికలోకి పోతుందే గాని వాటిని నేరుగా తడపదు. రక్తం ద్వారా చేరవలసినదే. కనుక పాటకు ముందు గుక్కెడు చాలదు, ఉదయం నుండీ త్రాగుతుండాలి. హీటరు గాలికి హ్యూమిడిఫయరు తోడుండాలి.

హోరులో గొంతు తనంత తానే హెచ్చుతుందని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో వెల్లడించాడు. అందుచేత ఒక స్పీకరును పాడేవారి వైపు త్రిప్పి, డ్రమ్ములను తగ్గించాలి. (డ్రమ్మరును ఒప్పించడం నా డాక్టరేటు కన్నా కష్టమైంది!) బొంగురు మూడు వారాలు దాటితే గొంతు వైద్యునికి చూపించవలసినదే.