మేనిచాయకు ఏ పెన్సిలు?
కాగితపు బొమ్మలు చేయు బాలబాలికలకు కొన్ని సూచనలు

మన పాఠశాలల హస్తకళా ప్రదర్శనములలో కాగితపు బొమ్మలకు ప్రత్యేక స్థానము కలదు. దళసరి కాగితముపై మనుష్యాకృతులను గీసి, రంగులు వేసి, కత్తిరించి, మడిచి, అతికించి, రైతును, నేతగానిని, పెండ్లికూతురును నిలువబెట్టుట పిల్లలకు మిక్కిలి ప్రియమైన పని. చీరకు, తలపాగకు రంగు ఎన్నుకొనుటలో వారు తడబడరు. ముఖము, చేతులు, పాదములు వచ్చునప్పటికి మాత్రము పెక్కుమంది ఒకే పెన్సిలును అందుకొందురు. అది లేత గులాబియో, లేత నారింజయో అయియుండును. కొన్ని పెట్టెలలో దానిపై 'స్కిన్' అను పేరు కూడ ముద్రింపబడియుండును. ఎండలో పొలము దున్ను రైతు మొదలు ఇంటనుండు అవ్వ వరకు అందరును ఆ ఒక్క రంగుతోనే తయారగుదురు. అట్టి మేనిచాయ గలవాడు ఆ తరగతిలో ఒక్కడైన ఉండడు. ఈ విషయమును గూర్చి ఆలోచింపవలసియున్నది.

పెన్సిలుమీది పేరును పసివాడు శాసనముగా గ్రహించును. చర్మపు రంగు ఇది యొక్కటియే అని పెట్టె చెప్పినచో, తన చేయి ఆ రంగున లేకపోవుట తనలోని లోపమని అతనికి తోచును. ఇది కేవలము ఊహ కాదు. అమెరికా దేశమున కెన్నెత్ క్లార్కు, మామీ క్లార్కు అను మనస్తత్వశాస్త్రజ్ఞులైన దంపతులు 1940 తరువాతి సంవత్సరములలో నల్లజాతి పిల్లలకు బొమ్మ గీసిన కాగితమును, రంగుకడ్డీలను ఇచ్చి, తమ మేని రంగు వేయుడని కోరిరి. వారిలో పలువురు తమ నిజమైన చాయకంటె లేతయైన రంగును వేసిరి. పాఠశాలలలో జాతిని బట్టి పిల్లలను వేరుచేయుట చెల్లదని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునందు క్లార్కు రచన ఉదాహరింపబడినది. అక్కడి క్రేయోలా సంస్థ, చర్మపు రంగు అను అర్థమిచ్చు 'ఫ్లెష్' అను పేరును 1962లో తీసివేసి, ఆ రంగుకడ్డీకి 'పీచ్' అను పండు పేరు పెట్టినది. 2020లో మానవుల మేనిచాయలకై 24 రంగుల పెట్టెను వెలువరించినది.

మేనిచాయకు మూలము మెలనిన్ అను వర్ణద్రవ్యము. దానిని తయారుచేయు కణముల సంఖ్య నల్లనివారిలోను తెల్లనివారిలోను దాదాపు సమానమే. అవి ఎంత మెలనిన్‌ను, ఏ రకపు మెలనిన్‌ను తయారుచేయునో దానిని బట్టి చాయ మారుచుండును. సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములనుండి ఈ ద్రవ్యము శరీరమును కాపాడును. కావున నలుపు మురికి కాదు, వ్యాధి కాదు. ప్రకృతి పట్టిన గొడుగు.

ఈ విషయమున పెన్సిలు పెట్టెకంటె మన భాష సంపన్నమైనది. పసిమిచాయ, చామనచాయ, నలుపు, కారునలుపు అను మాటలు మన ఇండ్లలో నేటికిని వినవచ్చుచున్నవి. తెల్లనివానిని మనము 'ఎర్రగా ఉన్నాడు' అందుము. బొమ్మలు వేయువానికి ఇది పనికివచ్చు మాట. ఏలయన లేతచాయలో చర్మము క్రింది ఎరుపు తొంగిచూచును. మన చుట్టునున్న మరాఠీవారికి సావళా, గవ్హాళ్ అను మాటలు కలవు. మన షోలాపురము జిల్లాలోనే పండరిపురమున వెలసిన విఠోబాను భక్తులు సావళా అని ప్రేమతో పిలుతురు. ద్రౌపదికి కృష్ణ అను పేరు ఆమె మేనిచాయను బట్టియే వచ్చినది. ఇంతటి వారసత్వము గల మనము రాక్షసునికి నలుపు, రాజకుమారికి గులాబి అని పిల్లలకు అలవాటు చేయుట తగదు.

ఇక పని విధానము. పగటి వెలుతురున కిటికీవద్ద కూర్చుండవలయును. కొన్ని విద్యుద్దీపముల క్రింద పసుపుచాయ అధికమై కన్ను మోసపోవును. పెన్సిలు కఱ్ఱపై పూసిన రంగును నమ్మరాదు. బొమ్మకు వాడు కాగితమునుండియే చిన్న ముక్కను కత్తిరించి, దానిపై రంగులు వేసి, మణికట్టు ప్రక్కన ఉంచి చూడవలయును. అరచేతిని చూచి ఎన్నుకొనరాదు. నల్లనివారి అరచేయి కూడ లేతగానే ఉండును.

ఏ ఒక్క పెన్సిలును మేనిచాయను సంపూర్ణముగా ఇయ్యదు. 12 పెన్సిళ్ల సామాన్యమైన పెట్టెతోనే దానిని కూర్చుకొనవచ్చును. లేతచాయకు పలుచగా పసుపు, దానిపై పలుచగా నారింజ, చెక్కిళ్లపై రవంత ఎరుపు చాలును. చామనచాయకు పసుపు, నారింజ పూతలపై బ్రౌను రెండు పూతలు వేయవలయును. నలుపుచాయకు నారింజపై బ్రౌను వేసి, నీడపడు మెడ క్రిందను, ముక్కు ప్రక్కను నీలముగాని ఊదాగాని తేలికగా వేసి, మరల బ్రౌను వేయవలయును. నల్ల పెన్సిలుతో ముఖమును నింపినచో మసి పూసినట్లు జీవము లేక యుండును. అది జుట్టుకును, కనుబొమలకును చాలును. ఏ చాయయైనను నుదుట, ముక్కుదూలముపై పూత పలుచగా ఉండవలయును.

మన మగ్గపు ఇండ్ల పిల్లలకు ఇది క్రొత్త సంగతి కాదు. పడుగు ఒక రంగు, పేక మరియొక రంగు అయినప్పుడు బట్ట మూడవ రంగుగా కనబడును గదా! పెన్సిలు పూతలును అట్లే. అయితే మొదటినుండియు గట్టిగా నొక్కరాదు. నొక్కినచో కాగితపు గరుకుతనము మైనముతో నిండి, పై పూత పట్టదు.

పెద్ద పెట్టెలు కలవారు యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్ అను మూడింటిని ముందుగా వెదకవలయును. ఇవి మొదట మట్టి రంగులు. సియెన్నా ఇటలీలోని ఒక నగరపు పేరు. ఇనుము కలిసిన పసుపువన్నె మట్టిని కాల్చగా ఎఱ్ఱనగును. కుమ్మరి ఆవములో కుండ ఎఱ్ఱబడుటయు ఇట్టిదే. మేనిచాయలకు మట్టి రంగులు బాగుగ అమరును.

కాగితపు బొమ్మకు మరికొన్ని జాగ్రత్తలు కలవు. కత్తిరించుటకు ముందే రంగు వేయవలయును. లేనిచో అంచులు చిరుగును. అతికించు రెక్కలపై రంగు వేయరాదు. పెన్సిలులోని మైనము వలన బంక పట్టదు. మడతలవద్దను, కత్తిరించిన అంచులవద్దను తెల్లని గీతలు బయటపడును. బొమ్మ సిద్ధమైన పిదప అదే పెన్సిలు మొనతో వానిని కప్పవలయును.

తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును మా విన్నపము ఒక్కటి. పిల్లవాడు తన బొమ్మకు నిజమైన చాయ వేసినప్పుడు 'మరీ నల్లగా ఉన్నది, తుడిచివేయుము' అని అనకుడు. కాగితముపై తుడిచిన రంగు పోవును గాని, ఆ మాట మనస్సునుండి పోదు. బిడ్డ తన చేతిని చూచి, ఆ చాయను తన చేతులతోనే కూర్చి, 'ఇది నేను' అని నిస్సంకోచముగా బొమ్మను ముందుంచినచో, ఆ హస్తకళా పాఠము సఫలమైనట్లే.