వంక దాటిన పాల బండి – తడిసిన బ్రేకులు



ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతంలో వానాకాలం వచ్చిందంటే పాల బండ్లకు వంకలతోనే పని. నల్లరేగడి నేల ఒకసారి తడిసిందంటే నీటిని త్వరగా ఇంకనివ్వదు. గట్టి వాన కురిస్తే నిన్నటిదాకా ఎండిపోయి ఉన్న వంక కాజ్‌వే మీదుగా పారుతుంది. క్యాన్లతో వచ్చే పికప్ బండి అందులో దిగక తప్పదు.

ఆ మధ్య ఒక సంఘం లెక్కల తనిఖీకి పోతూ మేము పాల బండిలోనే ప్రయాణం చేశాం. వంకలో మోకాటికి తక్కువే నీరు. డ్రైవరు సులువుగా దాటించాడు. అవతలి గట్టెక్కి దిగేచోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. మళ్ళీ గట్టిగా తొక్కితే ఎడమకు లాగి, రోడ్డు దిగి ఆగింది. మనుషులకు, జీవాలకు ఏమీ కాలేదు గాని, నాలుగు క్యాన్ల పాలు నేలపాలయ్యాయి. మెకానిక్కు చూసి, విరిగినదేమీ లేదన్నాడు. బ్రేకులు తడిశాయి. అదీగాక కుడివైపు క్యాలిపర్ బురదకు బిగుసుకుపోయింది, ఆ డిస్కు మీద లోతుగా గాట్లు పడ్డాయి.

కారణం తెలుసుకోవాలి. మన పికప్ బండ్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం. దాన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కినప్పుడు పుట్టే రాపిడితో బండి ఆగుతుంది. నడుమ నీటి పొర చేరితే రాపిడి తగ్గిపోతుంది. డిస్కు తెరిచి ఉంటుంది కనుక త్వరగా ఆరుతుంది. డ్రమ్ములో చేరిన నీరు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది.

తడి ఆరినా నష్టం మిగిలిపోవచ్చు. మాటిమాటికి బ్రేకు వేయగా బాగా కాలిన డిస్కు ఒక్కసారిగా చన్నీటిలో పడితే వంకర తిరగవచ్చు, నెర్రెలివ్వవచ్చు. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు, పెడల్ అదరడం దీని గుర్తు. ఇసుక, బురద ప్యాడ్ల నడుమ చేరి డిస్కును గీరేస్తాయి. రాత్రి తడిగా నిలిపిన బండి డిస్కుకు తెల్లవారేసరికి పలుచని తుప్పు పడుతుంది. నాలుగు సార్లు బ్రేకు వేస్తే అది పోతుంది. రోజుల తరబడి నిలిపితే మాత్రం గుంటలు పడతాయి.

బ్రేకు ఆయిల్ కూడా తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరినది 140 డిగ్రీలకే మరగవచ్చు. అది మరిగి ఆవిరి పుడితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు.

కనుక ఈ క్రింది విషయాలు పాటించాలి:

1. వంకలో మెల్లగా, ఒకే వేగంతో పోవాలి.

2. దాటిన తర్వాత, వెనుక బండ్లు లేవని చూసుకొని, మెల్లగా నడుపుతూ బ్రేకును తేలికగా పలుమార్లు తొక్కాలి. ఆ వేడికి తడి ఆరుతుంది. పట్టు వచ్చిందని నమ్మకం కలిగాకే వేగం పెంచాలి.

3. శీతలీకరణ కేంద్రం చేరగానే వేడిగా ఉన్న చక్రాల మీద గొట్టంతో నీళ్ళు కొట్టరాదు. చల్లారిన తర్వాతే కడగాలి.

4. వానాకాలంలో నెలకొకసారి చక్రాలు విప్పించి ప్యాడ్లు, క్యాలిపర్ పిన్నులు, డ్రమ్ములు, బేరింగుల గ్రీసు చూపించాలి. కనీస మందం కంటే అరిగిన డిస్కును మార్చాలి. లేత్‌పై తిప్పించి వాడరాదు.

5. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకొకసారి మార్పించాలి.

చివరగా, సభ్యులకు ముఖ్యమైన మాట. పాలు విరిగిపోతాయన్న భయంతో మనమే డ్రైవరును తొందరపెడుతున్నాం. రెండడుగుల లోతున పారే నీరు పికప్‌ను సైతం కొట్టుకుపోగలదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మంత్రాలయాన్ని, కర్నూలును ఎట్లా ముంచిందో మన కళ్ళతో చూశాం. వంక పొంగి ఉంటే బండి ఆగవలసిందే. క్యాన్లను నీడన ఉంచి తడి గోనెలు కప్పి, కేంద్రానికి ఫోను చేయండి. ఆనాటి నష్టాన్ని డ్రైవరు కిరాయిలో కోయకుండా సంఘమే భరించేటట్లు, బ్రేకుల తనిఖీ ఖర్చును సంఘం పద్దులో చేర్చేటట్లు వచ్చే సమావేశంలో తీర్మానం చేసుకోవలసిందిగా కోరుతున్నాం. పోయిన పాలను మర్నాడు పితుక్కోవచ్చు, పోయిన మనిషిని తెచ్చుకోలేం.