ప్రాథమిక పాఠశాల – గ్రామ ప్రజల పాత్ర

గత విద్యా సంవత్సరంలో మన కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులు నల్లగొండ జిల్లాలోని ఒక గ్రామంలో ఏడు రోజుల శిబిరం జరిపినారు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాల గోడలకు సున్నం వేసినారు. ఆవరణలో వేప, కానుగ మొక్కలు నాటినారు. పిల్లలకు ఆటల పోటీలు పెట్టి పలకలు, పుస్తకాలు బహూకరించినారు. ఇవన్నీ ప్రశంసింపదగిన పనులే. కాని ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ పనుల గురించి కాదు. ఆరవ రోజున జరగవలసి ఉండి జరగకుండా పోయిన ఒక సమావేశం గురించి.

పిల్లల తల్లిదండ్రులను ఉదయం పదకొండు గంటలకు బడికి రమ్మని నేనే ఒక ప్రకటన వ్రాసి, పిల్లల చేతికిచ్చి ఇండ్లకు పంపినాను. చక్కని తెలుగులో వ్రాసినాననే తృప్తి కూడ కలిగినది. మరునాడు వేపచెట్టు క్రింద కుర్చీలు వేయించి కూర్చున్నాము. వచ్చినవారు ప్రధానోపాధ్యాయులు, ఇద్దరు వృద్ధులు, మధ్యాహ్న భోజనం వండే స్త్రీలు. ఈ స్త్రీలు పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండగా కొంగుకు చేతులు తుడుచుకొంటూ వచ్చి, అయిదు నిమిషాలు నిలబడి, తిరిగి వెళ్ళిపోయినారు. అది ప్రత్తి ఏరే కాలం. తల్లులలో చాలమంది తెల్లవారక ముందే సద్ది కట్టుకొని ఆటోలలో కూలికి పోయినారు. ఉర్దూ తరగతుల పిల్లల తల్లులు కొందరు ఇండ్లలోనే ఉన్నారు గాని, నా ప్రకటన వారికి చదువరాలేదు. వారు తెలుగు చక్కగా మాట్లాడగలరు, లిపి రాదు. ఒక తల్లి ఆ కాగితం ఫీజు చీటీ అనుకొని, భర్త వచ్చిన తరువాత చూపించవచ్చునని డబ్బాలో దాచిపెట్టినదట. రెండు భాషల కళాశాలలో పని చేస్తూ ఈ పొరపాటు నేను చేయకుండా ఉండవలసినది.

గ్రామ ప్రజలు బడికి తోడ్పడుట మన ప్రాంతానికి క్రొత్త కాదు. నిజాం ప్రభుత్వ కాలంలో పాఠశాలల్లో బోధన ప్రధానంగా ఉర్దూలో జరిగేది. తెలుగు చదువు కోసం ప్రజలే చందాలు వేసుకొని ప్రైవేటు బడులు నడుపుకొన్నారు. 1930లో జోగిపేటలో మన పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభలు జరిగినవి. మాతృభాషలో ప్రాథమిక విద్య ఆనాటి ముఖ్యమైన కోరికలలో ఒకటి. నేడు ఆ చరిత్రను తలచుకొన్నప్పుడు ఒక సంగతి గమనింపదగి ఉన్నది. ఆనాడు ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష ఉండుట వలన తెలుగు పిల్లవాడు పడిన ఇబ్బందినే నా ప్రకటన చేతిలో పట్టుకొన్న ఆ ఉర్దూ తల్లి పడినది.

ఇక చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కొరకు ఒక చట్టం చేసి, బడి కమిటీలను ఏర్పరచినది. తరువాత వచ్చిన 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. ఈ చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకు ఒక యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు వంతుల మంది విద్యార్థుల తల్లిదండ్రులో, సంరక్షకులో కావలెను. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండవలెను. మన నిబంధనల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకొంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. బడి పనితీరును పర్యవేక్షించుట, వచ్చిన గ్రాంటు ఎట్లు ఖర్చయినదో చూచుట, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయుట ఈ కమిటీ విధులు. ఆ ప్రణాళిక మూడేండ్లకు వేయవలెను. ఏ తరగతిలో ఎందరు పిల్లలుంటారు, ఎందరు ఉపాధ్యాయులు కావలెను, ఏ గది, ఏ వసతి అవసరం, దానికెంత ధనం కావలెను అనే లెక్క అందులో ఉండవలెను. అనగా కూలికి పోయే తల్లికి చట్టం సంతకం పెట్టే పని మాత్రమే ఇవ్వలేదు, లెక్క అడిగే అధికారం కూడ ఇచ్చినది. ఆచరణలో ఆమెకు చాలచోట్ల సంతకమే మిగిలినది.

ఇక్కడ మన విద్యార్థులు తరచు పొరబడే విషయం ఒకటి కలదు. ఉర్దూ మాధ్యమంలో నడిచే ప్రభుత్వ పాఠశాల వేరు, అల్పసంఖ్యాక వర్గాలవారు స్థాపించి నడిపే పాఠశాల వేరు. రెండవ రకపు పాఠశాలలో యాజమాన్య కమిటీ సలహా మాత్రమే ఇవ్వవలెనని 2012 సవరణ చెప్పినది. అల్పసంఖ్యాక సంస్థలకు ఈ చట్టమే వర్తించదని 2014లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చినది. 2025లో మరొక ధర్మాసనం ఆ తీర్పును విస్తృత ధర్మాసనం పరిశీలించవలెనని అభిప్రాయపడినది. కాని ఊరిలోని ప్రభుత్వ ఉర్దూ బడికి ఈ చర్చతో సంబంధం లేదు. అక్కడి తల్లులకు తెలుగు బడి తల్లులకున్న అధికారాలన్నీ ఉన్నవి. "అది మైనారిటీ బడి గదా, మనకు కమిటీ ఉండదు" అని శిబిరంలో ఒక పెద్దమనిషి నాతో వాదించినాడు. పాపం, ఆయన మనుమలు ముగ్గురు అక్కడే చదువుతున్నారు!

లెక్క ఎందుకంత ముఖ్యమో చెప్పుటకు రెండు అంకెలు చాలును. సమగ్ర శిక్షా పథకం క్రింద బడికి ఏటా వచ్చే గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయింపబడినది. ముప్పై మంది వరకు ఉంటే 10,000 రూపాయలు. 31 నుండి 100 వరకు ఉంటే 25,000 రూపాయలు. దీనిలో కనీసం పదవ వంతు పరిశుభ్రతకు వాడవలెను. అట్లే విద్యా హక్కు చట్టం అనుబంధం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. అరవై ఒకటవ పిల్లవాడు చేరినచో మూడవ ఉపాధ్యాయుడు రావలెను. కావున ముప్పై ఒకటవ పిల్లవాడు, అరవై ఒకటవ పిల్లవాడు సామాన్యులు కారు. ఒక్క ఇంటివారు ఊరు విడిచిపోతే బడికి చాక్‌పీసులు, చీపుళ్ళు, విద్యుత్తు బిల్లు లెక్క తారుమారవుతుంది.

ఊరు విడిచిపోవుట అనగానే పాలమూరు గుర్తుకు రాక మానదు. నారాయణపేట, మక్తల్, కోస్గి ప్రాంతాల నుండి కుటుంబాలు గుంపు మేస్త్రీ వద్ద ముందు సొమ్ము తీసుకొని హైదరాబాదు, పుణె, బొంబాయి నగరాలకు పోవుట తరతరాలుగా సాగుతున్నది. చిన్న పిల్లలను వెంట తీసికొనిపోక తప్పదు. వండిపెట్టేవారు ఇంట ఉండరు. అట్టి పిల్లలు చదువు మానకుండా ఉండుటకు సర్వ శిక్షా అభియాన్ కాలం నుండి వలస ప్రాంతాలలో సీజనల్ హాస్టళ్ళు నడిపినారు. తల్లిదండ్రులు తిరిగి వచ్చువరకు పిల్లలకు అక్కడే తిండి, పడక. ఎవరి ఇంటి పిల్లలు ఎప్పుడు బయలుదేరుతారో జిల్లా కార్యాలయానికి తెలియదు. ప్రక్క ఇంటివారికి తెలుస్తుంది. ముందుగా పేర్లు వ్రాసి పంపవలసినది కమిటీయే. ఈ ఒక్క పని సకాలంలో చేసినా కమిటీ ఉన్నందుకు ఫలితం దక్కినట్లే.

మధ్యాహ్న భోజనం కూడ ఊరి చేతుల మీదనే నడుస్తున్నది. 2001 నవంబరు 28న సుప్రీం కోర్టు ఇచ్చిన ఉత్తరువు తరువాత, మన రాష్ట్రంలో 2003 జనవరి నుండి వండిన అన్నం పెట్టుట మొదలైనది. వంట బాధ్యత మహిళా పొదుపు సంఘాలకు అప్పగించినారు. ప్రాథమిక తరగతుల పిల్లవానికి పూటకు 100 గ్రాముల బియ్యం. బిల్లు ఆలస్యమైనప్పుడు కిరాణా దుకాణంలో అప్పు తెచ్చి వండే ఆ స్త్రీలకంటె బడికి పెద్ద దాతలు ఎవరున్నారు? వారి పేర్లు మాత్రం ఏ గోడ మీదా ఉండవు.

గోడల మాట వచ్చినది గనుక చెప్పవలెను. 2022 మార్చి 8న నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు వనపర్తిలో 'మన ఊరు – మన బడి' కార్యక్రమాన్ని ప్రారంభించినారు. 26,065 పాఠశాలలకు 7,289 కోట్ల రూపాయల అంచనాతో మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీ గోడ మొదలైన పన్నెండు రకముల పనులు తలపెట్టినారు. పూర్వ విద్యార్థులను, దాతలను కూడ కలుపుకొన్నారు. 2024లో క్రొత్త ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచి, గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలిని వాటికి అధ్యక్షురాలిగా చేసినది. పనుల అజమాయిషీ స్త్రీల చేతికి వచ్చుట నా దృష్టిలో మంచి మార్పు. అయితే తల్లుల కమిటీ సమావేశం కూడ ఉదయం పదకొండు గంటలకే పెడితే నా సమావేశానికి పట్టిన గతే దానికీ పడుతుంది.

ఏడవ రోజు సాయంత్రం మరల ప్రయత్నించినాము. ఈసారి ప్రకటన రెండు లిపులలో వ్రాయబడినది. ఉర్దూ భాగం మన కళాశాల విద్యార్థిని ఒకరు వ్రాసి, ఇంటింటికి తిరిగి చదివి వినిపించినది. మగ్రిబ్ నమాజు తరువాత, కూలి నుండి వచ్చినవారు కాళ్ళు కడుక్కొని వచ్చువరకు ఆగి, బడి వరండాలో కూర్చున్నాము. కుర్చీలు లేవు, చాపలు. ప్రధానోపాధ్యాయులు గ్రాంటు లెక్క తెలుగులో చదివినారు. ఆ విద్యార్థిని ఒక్కొక్క పద్దును ఉర్దూలో చెప్పినది. లెక్కలో దాచినది ఏమీ లేదు. అంతవరకు అడిగినవారు లేరు, అంతే.

పరిశుభ్రత పద్దు వచ్చినప్పుడు, ముందటి రోజు నా కాగితం డబ్బాలో దాచిన తల్లియే నోరు విప్పినది. పదవ వంతు శుభ్రతకే అయినప్పుడు ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఎందుకున్నదని అడిగినది. తన బిడ్డ మధ్యాహ్నం అన్నం తిన్న తరువాత ఇంటికి వచ్చి, మరల బడికి పోవుట లేదట. కారణం ఇదేనని తండ్రికి చెప్పుకోలేక ఆ పిల్ల ఎండాకాలం నుండి కడుపునొప్పి అని చెబుతూ వచ్చినదట. వరండాలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత తెలుగు తరగతుల తల్లులు ఇద్దరు తమ ఇండ్లలోనూ అదే సంగతి అన్నారు. ట్యాంకుకు నీరు ఎక్కించే మోటారు చెడిపోయి చాల కాలమైనది. నీళ్ళు లేనందున కంపు పుట్టి తాళం వేసినారు. మోటారు బాగు చేయించుటకు ఎంత అవుతుందో ఒక తండ్రికి తెలిసియున్నది. ఆయన వృత్తియే అది. గ్రాంటులో మిగిలిన డబ్బుతో సామాను తెచ్చుటకు, కూలి తాను తీసికొనకుండుటకు ఒప్పుకొన్నాడు. తాళంచెవి వంట చేసే స్త్రీల వద్ద ఉండునట్లు తీర్మానం వ్రాసినారు.

తీర్మానం క్రింద సంతకాలు రెండు లిపులలో పడినవి, కొన్ని వేలిముద్రలు. తరువాతి సమావేశం సంత మరునాటి సాయంత్రం అని నిర్ణయించి, దాని ప్రకటన వ్రాసే పనిని అయిదవ తరగతి పిల్లలకు అప్పగించినారు: తెలుగు తరగతి నుండి ఒకరు, ఉర్దూ తరగతి నుండి ఒకరు, ఒకే కాగితం మీద.