గ్రూప్ ఫొటోలో చివర ఉన్నోళ్లు మసకగా ఎందుకొస్తారు? లెన్స్‌కు కంప్యూటర్ వేసే మార్కుల లెక్క ఇదే..

పెళ్లిలో గ్రూప్ ఫొటో దిగుతాం. మధ్యలో వధూవరుల ముఖాలు క్లియర్‌గా ఉంటాయి. చివర్లో నిల్చున్న పెద్దమ్మ ముఖం మాత్రం మసక మసక! మెగాపిక్సెల్స్ తక్కువేమో అనుకుంటాం. కానీ చాలాసార్లు సంగతంతా లెన్స్ దగ్గరే ఉంటుంది. అదెలాగో చూద్దాం.

1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ తన పోర్ట్రెయిట్ లెన్స్ లెక్కల కోసం ఫిరంగి దళం సైనికుల సాయం తీసుకున్నారు. ఇప్పుడా పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. లెన్సుల వంపు, మందం, వాటి మధ్య దూరం కొద్దికొద్దిగా మారుస్తూ ప్రతి డిజైన్‌కూ ఓ స్కోరు ఇస్తుంది. దీన్నే మెరిట్ ఫంక్షన్ అంటారు. ఇక్కడ స్కోరు ఎంత తగ్గితే లెన్స్ అంత మంచిది. ఎందుకంటే అది లెక్కేసేది తప్పుల్నే!

మార్కులు ఎలా వేస్తారు?

* స్పాట్ సైజ్: ఒకే చుక్క నుంచి వచ్చిన కిరణాలు సెన్సార్‌పై ఎంత చెదిరిపోయాయో చూస్తారు. చాలా ఫోన్లలో ఒక పిక్సెల్ వెడల్పు సుమారు 1 మైక్రాన్. అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు.
* వేవ్‌ఫ్రంట్ లోపం: కాంతి తరంగం ఉండాల్సిన ఆకారం నుంచి ఎంత తప్పిందో కొలుస్తారు. తేడా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు లోపుంటే చాలా మంచి లెన్స్ కిందే లెక్క.
* ఎంటీఎఫ్: సన్నటి నలుపు తెలుపు గీతలు ఎంత స్పష్టంగా వచ్చాయో 0 నుంచి 1 మధ్య చెబుతుంది. మన కంటికి కనిపించే షార్ప్‌నెస్‌కు ఇదే దగ్గర. కానీ డిజైన్ మొదట్లో, బొమ్మ బాగా చెదిరి ఉన్నప్పుడు ఇది దారి తప్పించగలదు. అందుకే సాధారణంగా ముందు మొదటి రెండూ వాడి, చివర్లో ఎంటీఎఫ్‌తో మెరుగులు దిద్దుతారు.

అసలు తిరకాసు ఇక్కడే..

బొమ్మ మధ్యభాగానికి ఎక్కువ వెయిటేజీ ఇస్తే కంప్యూటర్ దాన్నే బాగుచేస్తుంది. అంచుల్ని వదిలేస్తుంది. తప్పు కంప్యూటర్‌ది కాదు.. మనం అడిగిందే అది ఇచ్చింది!

ఇంకో చిక్కూ ఉంది. పొగమంచులో కొండ దిగేవాడు దగ్గర్లోని గుంటనే లోయ అనుకున్నట్టు, కంప్యూటర్ కూడా ఓ మోస్తరు డిజైన్ దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే వేర్వేరు చోట్ల నుంచి మళ్లీ మళ్లీ మొదలుపెడతారు. పైగా స్కోరు అదిరినా, ఫ్యాక్టరీలో లెన్స్ కొన్ని మైక్రాన్లు పక్కకు జరిగితే చెడిపోయే డిజైన్ పనికిరాదు. ఆ పరీక్షా పెట్టాల్సిందే.

మీ ఫోన్‌ను ఇలా చెక్ చేయండి

న్యూస్‌పేపర్‌ను గోడకు అంటించి, ఫోన్‌ను ఎదురుగా నిటారుగా పట్టుకుని, ఫ్రేమ్ నిండేలా ఫొటో తీయండి. జూమ్ చేసి మధ్యలోని అక్షరాల్ని, మూలల్లోని అక్షరాల్ని పోల్చండి. ఎక్కడ రాజీ పడ్డారో మీకే తెలుస్తుంది.