ఆటో-5: ఉక్కులో తప్పు, చెక్కలో బీట

పాత బ్రౌనింగ్ ఆటో-5 షాట్‌గన్ చేతికొస్తే, ఆ తుపాకీ సంగతి తెలిసినవాళ్ల చూపు మొదట దాని ముందుచెక్క మీదికే పోతుంది. గొట్టం కింద, ఎడమచేత్తో ఆనించి పట్టుకునే చెక్క అది. ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. లోపలంతా డొల్ల. పక్క గోడలు కొన్నిచోట్ల కొబ్బరిచిప్పంత పలచన. వెనకంచు దగ్గర, యంత్రభాగానికి ఆనుకునే చోట, వెంట్రుకంత సన్నటి గీత ఒకటి మొదలై ముందుకు పాకుతూ ఉంటుంది. గోరు ఆనిస్తే తగలదు. రెండు బొటనవేళ్లతో కాస్త విప్పినట్టు నొక్కితే మాత్రం ఆ గీతలోంచి నల్లటి నూనె చెమర్చుతుంది. చెక్క పాతబడి పగిలిందని చాలామంది అనుకుంటారు. ఈ తుపాకీ కథ తెలిసినవాళ్లు ఆ మాట అనరు.

దీన్ని కనిపెట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో అమెరికాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రిది తుపాకులు బాగుచేసే వృత్తి. విరిగినవీ, చిట్లినవీ చుట్టూ పడి ఉండే ఆ కొట్టులోనే పిల్లవాడు పెరిగాడు. ఒకసారి పేలాక ఖాళీ తూటాను తనంతట తానే బయటికి విసిరేసి, కొత్తదాన్ని ఎక్కించుకునే షాట్‌గన్‌కు 1900 అక్టోబరు 9న అతనికి పేటెంటు వచ్చింది. అంతవరకూ తన తుపాకుల హక్కులను వించెస్టర్ కంపెనీకి ఏకమొత్తానికి అమ్మేసేవాడు. ఈసారి అమ్ముడైన ప్రతి తుపాకీ మీదా రాయల్టీ కావాలన్నాడు. వించెస్టర్ ససేమిరా అంది. రెమింగ్టన్ గడప తొక్కాడు. 1902 జనవరి 8న ఆ కంపెనీ అధిపతి మార్సెలస్ హార్ట్‌లీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఆయన గుండె ఆగి పోయాడన్న వార్త వచ్చింది. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లాడు. లియేజ్ పక్కన హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. తుపాకుల కర్మాగారం సరేనంది. 1903 నుంచి తుపాకులు బయటికి రాసాగాయి. రెండేళ్ల తర్వాత రెమింగ్టన్ కూడా అదే యంత్రాన్ని మోడల్ 11 పేరుతో చేసింది. బ్రౌనింగ్ 1926లో ఆ బెల్జియం కర్మాగారంలోనే, పనిలో ఉండగా కన్నుమూశాడు. తయారీ 1970ల మధ్యలో జపాన్‌లోని మిరోకు కంపెనీకి మారి, 1998 దాకా సాగింది.

ఒకే యంత్రం దాదాపు నూరేళ్లు నిలిచిందంటే అందులో పనితనం ఉండి తీరాలి. పేలగానే ఇందులో గొట్టమూ, దాని వెనక తలుపులా మూసుకుని ఉండే బోల్టూ ఒకదాన్నొకటి పట్టుకునే వెనక్కి జరుగుతాయి. చిన్నపాటి కదలిక కాదు, తూటా పొడవును మించి నడుస్తాయి. గొట్టానికి కింద ఒక ఉంగరం ఉంటుంది. అది తూటాలు నిలవుండే గొట్టం మీద జారుతూ పెద్ద స్ప్రింగును నొక్కుతుంది. ఈ జారుడంతా మన ఎడమ అరచేతి కిందే, ముందుచెక్క కప్పిన చీకట్లో జరుగుతుంది.

స్ప్రింగు ఒక్కటే ఆ విసురును ఆపలేదు. అందుకు బ్రౌనింగ్ బ్రేకు పెట్టాడు. చీలిక ఉన్న ఒక కంచు ముక్క, ఏటవాలు అంచున్న ఒక ఉక్కు ఉంగరం. గట్టి తూటాలు వాడేటప్పుడు ఉక్కు ఉంగరాన్ని స్ప్రింగుకూ కంచు ముక్కకూ మధ్య పెట్టాలి. అప్పుడు రెండు వైపుల నుంచీ ఏటవాలు అంచులు కంచును నొక్కుతాయి, కంచు తూటాలుండే లోపలి గొట్టాన్ని బిగించి పట్టుకుంటుంది, వేగం రాపిడిలో కరుగుతుంది. తేలిక తూటాలకైతే ఉంగరాన్ని తీసి స్ప్రింగు వెనక, యంత్రభాగం వైపు పెట్టాలి. బ్రేకు పట్టు తగ్గుతుంది.

ఆటో-5 బాధలన్నీ ఈ ఉంగరం దగ్గరే మొదలవుతాయి. తేలిక తూటాల అమరికలో ఉంచి గట్టి తూటాలు పేలిస్తే గొట్టం ఆగాల్సినచోట ఆగక సుత్తిదెబ్బలా వచ్చి గుద్దుతుంది. స్ప్రింగు అలసి కురచబడినా అంతే. తుప్పు పట్టకూడదని లోపలి గొట్టం నిండా నూనె పూసేవాళ్లున్నారు. శ్రద్ధ కొద్దీ చేసే పనే, కానీ బ్రేకు పట్టీకి నూనె రాసినట్టవుతుంది. ముందుచెక్కను పట్టి ఉంచే ముందు మూత చివరిదాకా బిగించకపోతే చెక్క వదులై ప్రతి దెబ్బకీ అదురుతుంది. ఉక్కు చిట్లదు. పలచటి చెక్క చిట్లుతుంది.

చెక్క ఎప్పుడూ నార వెంటే చీలుతుంది. నార పొడవునా లాగితే తట్టుకునే బలంలో పదో వంతు కూడా అడ్డంగా లాగితే ఉండదు. ఆరేటప్పుడు కూడా అంతే. పచ్చి చెక్క పూర్తిగా ఆరితే అడ్డంలో 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది, నిలువులో 0.2 శాతం కూడా మారదు. తుపాకీకి వాల్‌నట్ చెక్కను ఎంచుకున్నది బరువుకూ గట్టితనానికీ మంచి పొత్తు కుదిరినందుకు, ఆరాక పెద్దగా మెలితిరగనందుకు. ఎంత మంచి వాల్‌నట్ అయినా నార తప్పితే నిలవదు. మన వడ్రంగులు నాగలికి చెట్టులోనే వంగి పెరిగిన తుమ్మకర్రను వెతికేవాళ్లు. తిన్నని దుంగను వంకరగా కోస్తే నార తెగుతుందని వాళ్లకు తెలుసు. తుపాకీ మడమ చెక్కే పనివాడూ అదే చూస్తాడు. పిడికిట పట్టే సన్నటి మెడ దగ్గర నార ఆ వంపు వెంటే సాగాలి.

ఆ మెడ మీద పడే బరువు చూడండి. 32 గ్రాముల సీసపు గుళ్లు సెకనుకు 365 మీటర్ల వేగంతో ముందుకు పోతే, మూడున్నర కిలోల తుపాకీ సెకనుకు 3 మీటర్లకు పైగా వేగంతో వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను భుజానికి చేరేది చెక్కలోంచే. యంత్రభాగం వెనక ముఖం చెక్కకు నిండుగా ఆనాలి. దాని నుంచి మెడలోకి పొడుచుకువచ్చే ఇనుప తోక చివర మాత్రం కాగితం దూరేంత సందు వదలాలి. ఆ సందు మూసుకుపోయిందా, తోక కట్టెలు చీల్చే గొడ్డలి అయిపోతుంది. మడమలో తోక వెనక నుంచి మొదలయ్యే బీటలకు ఇదే మూలం.

బాగుచేతకు ఓపిక కావాలి. (మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు లైసెన్సున్నవాళ్లు చేయాల్సిందే.) తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, చెక్కను విడదీయాలి. మొదటి శత్రువు నూనె. చేమాకు మీద నీళ్లు నిలవనట్టే నూనె పట్టిన నార మీద జిగురు నిలవదు. సుద్దపొడిని ఎసిటోన్‌తో ముద్దగా కలిపి బీట పొడవునా పట్టు వేస్తారు. ఎసిటోన్ లోపలికి దిగి నూనెను కరిగిస్తుంది, ఆవిరవుతూ పైకి తెస్తుంది, సుద్ద పీల్చుకుంటుంది. తెల్లటి పట్టు తెల్లారేసరికి తేనెరంగుకు తిరుగుతుంది. గీకేసి మళ్లీ వేయాలి. పట్టు తెల్లగానే ఉండిపోయే రోజు వచ్చేదాకా, ఒక్కోసారి వారం పైనే, ఇదే పని. తొందరపడి ఇక్కడ రెండు రోజులు మిగుల్చుకున్నవాళ్ల అతుకు తొలి వేటకే విడిపోతుంది.

ఇక జిగురు. వెనకటివాళ్లు తోళ్లు ఉడికించి తీసిన జిగురు వాడేవాళ్లు. పొడిగా ఉన్నంతకాలం గట్టిదే, తేమ తగిలితే మెత్తబడుతుంది. 1946లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీ అరాల్డైట్‌ను జనం ముందుకు తెచ్చాక ఈ పని రూపే మారింది. మన ఊళ్లలో బిందె నుంచి బండి దాకా అతికే ఆ రెండు ట్యూబుల మందే. రెండూ కలిస్తే అణువులు వలలా అల్లుకుంటాయి, గట్టిపడేటప్పుడు ఆ మందు దాదాపు కుంచించుకోదు. కాబట్టి బీటలో ఖాళీ మిగలదు. నిదానంగా గట్టిపడే రకం మంచిది. కాస్త వెచ్చజేస్తే పలచబడి బీట కొనదాకా పారుతుంది. బీటను సన్నటి రేకుతో తెరిచి, దారాన్ని లోపల అటూఇటూ లాగుతూ జిగురు దింపాలి. తర్వాత సైకిల్ ట్యూబును పట్టీగా కోసి చుట్టూ బిగించి చుట్టాలి. డొల్లగా ఉన్న ముందుచెక్కకు రబ్బరు చుట్టు ఇచ్చే సమానమైన ఒత్తిడి ఇనుప బిగింపులు ఇవ్వలేవు, పైగా అవి గోడను నలుపుతాయి. ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకూడదు. ఆరాక లోపలి వైపు పలచటి గాజుగుడ్డను అదే మందుతో అడ్డంగా అతికిస్తే, చెక్కకు పుట్టుకతో లేని అడ్డబలం వస్తుంది. పైన అవిసె నూనె చేత్తో రుద్దితే గీత ఎక్కడో వెతుక్కోవాలి. మెడ మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుగా విరిగితే నేను అతుకును నమ్మను, మడమ మార్చాల్సిందే.

తిరిగి బిగించే ముందు స్ప్రింగు మార్చాలి. లోపలి గొట్టాన్ని నూనె గుడ్డతో తుడిచి, ఆ నూనెను పొడిగుడ్డతో మళ్లీ తుడిచేయాలి. వాడబోయే తూటాలేవో తుపాకీ యజమానిని అడిగి ఉంగరం చోటు తేల్చాలి. మూతను చివరిదాకా తిప్పి, ఖాళీ తుపాకీ గొట్టం మొనను చెక్కబల్లకు ఆనించి కిందికి నొక్కి వదలాలి. కంచు సరిగ్గా పట్టుకుంటే తుపాకీ ఎగిరిపడదు, అరచేతికి తెలిసేంత నిదానంగా పైకి వస్తుంది.