గెలాక్సీల కళ్ళంలో తూర్పారగాలి

కర్ణాటకలో ఉన్నా పావగడ తాలూకాలో తెలుగు మాట ఇంటింటా వినిపిస్తుంది. అక్కడి బలసముద్రం పొలాల్లో ఇప్పుడు సౌరఫలకాలు పరుచుకున్నాయి. 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్ పార్కు కోసం ఆ ఊరితో కలిపి ఐదు ఊళ్ళ రైతులు భూములను కౌలుకిచ్చారు. అయినా ఆ మెట్టసీమ పెద్దలకు తూర్పార పట్టడం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. చేట ఎత్తి రాగులు జారవిడిస్తే పొట్టు గాలికి పోతుంది, గింజ కాళ్ళ దగ్గర రాలుతుంది. ఆకాశంలోనూ ఇలాంటి తూర్పార ఒకటి జరుగుతోంది.

గెలాక్సీలు వందలు, వేలుగా చేరిన గుంపుల్లో వాటి నడుమ చోటు ఖాళీగా ఉండదు. కోట్ల డిగ్రీల వేడితో, అతి పలచని వాయువు నిండి ఉంటుంది. గాలి లేని రోజున కూడా సైకిలు జోరుగా తొక్కితే మొహానికి గాలి కొడుతుంది కదా! సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూసుకువచ్చే గెలాక్సీకి ఆ వాయువు అలాగే ఎదురుగాలి అవుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడి గెలాక్సీ ఆకర్షణను మించితే, లోపలి వాయువు ఊడి వెనక్కి తోకలా సాగుతుంది. నక్షత్రాలు గింజల్లాంటివి, ఆ గాలి వాటిని కదల్చలేదు. గన్, గాట్ అనే శాస్త్రజ్ఞులు 1972లో ఈ లెక్క కట్టారు.

కళ్ళానికీ ఆకాశానికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ ఎగిరిపోయేది పొట్టు కాదు, విత్తనం. కొత్త నక్షత్రాలు పుట్టేది ఆ వాయువులోనే. అది పోయాక ఉన్న నక్షత్రాలు వెలుగుతూనే ఉంటాయి గాని, కొత్తవి పుట్టవు. త్వరగా ఆరిపోయే నీలి నక్షత్రాల స్థానం ఖాళీ అయి, గెలాక్సీ క్రమంగా ఎర్రబడుతుంది.

ఈ సంగతి చూసిన కళ్ళలో మనవీ ఉన్నాయి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లో, బెంగళూరులోని భారత ఖభౌతిక సంస్థ ఆధ్వర్యంలో తయారైన అతినీలలోహిత దూరదర్శిని ఉంది. అది ఆబెల్ 85 అనే గుంపులోని జేఓ 201 గెలాక్సీని చూసింది. ఊడిపోయిన తోకలో నక్షత్రాలు పుడుతున్న ముద్దలు ఎన్నో కనిపించాయని 2018లో ప్రకటించారు. అంటే, ఎగిరిన విత్తనంలో కొంత దారిలోనే మొలకెత్తిందన్నమాట!

మన పాలపుంత అంత పెద్ద గుంపు నడుమ లేదు. అందుకే ఇక్కడ ఏటా ఒకరిద్దరు సూర్యుళ్ళ బరువుకు సరిపడా నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి. చలికాలం రాత్రి ఓరియన్ నడుములోని మూడు చుక్కల దిగువన మసక మచ్చను పిల్లలకు చూపించండి. మన విత్తనపు గాదెల్లో అదొకటి.