ఎల్క్ వేటకి తేలికైన స్కోప్: బరువు కంటే ముందు చూడాల్సింది

పోయిన ఎపిసోడ్‌లో కొలరాడో ఎల్క్ వేట గురించి మాట్లాడుకున్నాక ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, స్కోప్ ఏది కొనాలి? తేలిగ్గా ఉండాలి, నమ్మకంగా ఉండాలి, జేబుకి మరీ చిల్లు పడకూడదు." ఆడియోలో గబగబా చెప్పేశాను. సగం మందికి అర్థం కాలేదని మెసేజ్‌లు చూశాక తెలిసింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

స్కోప్ సంగతికి ముందు కాగితం సంగతి. మనలో చాలామంది హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నాం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఈ వీసాల వాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ నిషేధం లేదు. "దగ్గర పెట్టుకోవడం" అంటే సొంత తుపాకీయే కానక్కర్లేదు. ఫ్రెండ్ రైఫిల్‌ని రేంజ్‌లో చేతిలోకి తీసుకున్నా ఆ లెక్కలోకే వస్తుంది. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఇంక వీసా మాట చెప్పక్కర్లేదు. గడువు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఉదాహరణకి టెక్సాస్ వేట లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రెన్యూ చేయకపోతే సెప్టెంబర్ 1 పొద్దున మీ ఇంట్లో ఉన్న రైఫిల్ మీకే సమస్య. మీ పరిస్థితిలో ఏమాత్రం అనుమానం ఉన్నా లాయర్‌ని అడగండి, నన్ను కాదు. స్కోప్ మాత్రం తుపాకీ కాదు కాబట్టి కొని ఇంట్లో పెట్టుకోవడానికి ఈ గొడవ లేదు.

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి స్కోప్ 6-24×50. డిస్కౌంట్‌లో వచ్చింది, లోపల ఎర్రలైటు వెలుగుతుంది, చూడ్డానికి ఫిరంగిలా ఉంటుంది. స్టీల్ రింగులతో కలిపి 38 ఔన్సులు, అంటే కిలోకి పైనే. ఎక్కువ జూమ్ అంటే మంచి స్కోప్ అనుకునే రోజులవి. కెమెరా కొన్నట్టే కొన్నాను.

సుమారు పదివేల అడుగుల ఎత్తులో నాలుగు గంటలు నడిచాం. ఆయాసంతో ఒక దుంగకి ఆనుకుని కూర్చున్నప్పుడు, పక్కన నిలబెట్టిన రైఫిల్ గడ్డి మీదకి ఒరిగి పడింది. చిన్నగా పడింది. తీసి దులిపి పక్కన పెట్టాను, అంతే. మర్నాడు తెల్లవారాక 200 యార్డుల్లో ఒక ఆడ ఎల్క్ అడ్డంగా నిలబడింది. గీతలు సరిగ్గా భుజం వెనక ఉన్నాయి. కాల్చాను. అది వంగి, కుంటుతూ చెట్లలోకి పోయింది. రక్తం కొంతదూరం కనిపించింది, తర్వాత లేదు. చీకటి పడేదాకా వెతికాం. మర్నాడు మా ఆఫీసు ఫ్రెండ్ కూడా వచ్చాడు. దొరకలేదు.

తర్వాత రేంజ్‌కి వెళ్లి 100 యార్డుల్లో కాగితం మీద కాలిస్తే తూటాలు గురికి 7 అంగుళాలు పక్కన పడుతున్నాయి. అంటే 200 యార్డుల్లో 14 అంగుళాలు. నా తూటా భుజం వెనక కాదు, పొట్టలో తగిలిందన్నమాట. కంపెనీవాళ్లు మర్యాదగానే మాట్లాడి కొత్త స్కోప్ పంపించారు. దాన్ని పెట్టెలోంచి కూడా తీయలేదు.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే లోపల ఏముందో తెలియాలి. బయట కనిపించే గొట్టం లోపల ఇంకో చిన్న గొట్టం ఉంటుంది. గీతలు, జూమ్ లెన్సులు అందులోనే ఉంటాయి. పైన, పక్కన మనం తిప్పే టరెట్ల స్క్రూలు దాన్ని ఒకవైపు నెడతాయి, ఎదురుగా ఒక స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది. ఆ తోపుడు మధ్య గొట్టం ఎక్కడ నిలబడితే అదే మీ జీరో, అంటే గీతలు చూపించే చోటికే తూటా వెళ్లడం. స్ప్రింగ్ నీరసమైనా, లోపలి కీలు వదులైనా, రైఫిల్ తన్నినప్పుడో కిందపడినప్పుడో గొట్టం వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ వెంట్రుకవాసే దూరంలో అంగుళాలవుతుంది. షాపులో అద్దంలోంచి చూస్తే బొమ్మ ఎంత అందంగా ఉందో తెలుస్తుంది కానీ ఈ స్ప్రింగ్ ఎలాంటిదో తెలియదు. మనం డబ్బు పెట్టాల్సింది మాత్రం దాని మీదే.

బరువు దగ్గరికొద్దాం. స్కోప్ తేలికవడానికి రెండు దారులున్నాయి. వస్తువులు తగ్గించడం ఒకటి: తక్కువ జూమ్, చిన్న ముందు లెన్స్, లైటు లేకపోవడం, పక్కన పారలాక్స్ గుండీ లేకపోవడం. లోహం పల్చన చేసి ఖర్చు మిగుల్చుకోవడం రెండోది. మొదటి రకం తేలిక మంచిది. లోపల కదిలేవి తక్కువ, చెడిపోయేవీ తక్కువ. పైగా రైఫిల్ తన్నినప్పుడు బరువైన స్కోప్ రింగుల్లోంచి జారాలని చూస్తుంది, తేలికైనది అంత గుంజదు.

మరి జూమ్ తగ్గితే దూరం కనపడొద్దా అంటారు. లెక్క వేసుకోండి. 6 రెట్ల జూమ్‌లో 300 యార్డుల్లో ఉన్న జంతువు మామూలు కంటికి 50 యార్డుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఎల్క్ గుర్రమంత ఉంటుంది. 50 యార్డుల్లో గుర్రం భుజం కనపడదా? మనలాంటి కొత్తవాళ్లు 300 దాటి కాల్చకూడదనే నేనంటాను. అసలు ఇబ్బంది అటువైపు కాదు, ఇటువైపు. చెట్ల మధ్య 40 యార్డుల్లో జంతువు లేస్తే, కనీస జూమే 6 ఉన్న స్కోప్‌లో బొచ్చు తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి కింది అంకె 2 గానీ 3 గానీ ఉండాలి, పై అంకె 7, 8, 9 అయితే చాలు.

వెలుతురు సంగతి కూడా ఇందులోనే ఉంది. కొలరాడోలో ఎల్క్ మీద సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు. జంతువులు తిరిగేది కూడా ఆ మసక వెలుతురులోనే. ముందు లెన్స్ వెడల్పుని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు గుండ్రం ఎంత వెడల్పో వస్తుంది. 40 మిల్లీమీటర్ల లెన్స్, 6 జూమ్ అయితే 6.7 మిల్లీమీటర్లు. చీకట్లో మన కంటిపాప విచ్చుకునేదే 5 నుంచి 7. నా పాత ఫిరంగిని 24లో పెడితే 50ని 24తో భాగించాలి, 2.1 వస్తుంది. అంత పెద్ద లెన్స్ మోసుకెళ్లి సాయంత్రం చీకట్లోకి చూడటమే. మీ స్కోప్ ఏదైనా సరే, మసకబారితే జూమ్ తగ్గించండి.

పేర్లు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా, ఎవరూ నాకు డబ్బులివ్వలేదు. లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9×40 సుమారు 12 ఔన్సులు, 340 గ్రాములన్నమాట. ధర 300 డాలర్ల ప్రాంతంలో. అదే కంపెనీ వీఎక్స్-3హెచ్‌డీ 2.5-8×36 కూడా దాదాపు అంతే బరువు, గ్లాస్ ఇంకా బాగుంటుంది, ధర కూడా ఎక్కువే. కొంచెం ఎక్కువ జూమ్ కావాల్సిందే అంటే వోర్టెక్స్ రేజర్ హెచ్‌డీ ఎల్‌హెచ్‌టీ 3-15×42 ఉంది, 19 ఔన్సులు. జీరో కదలదని వేటగాళ్లు ఒట్టేసి చెప్పేవి వేరే ఉన్నాయి: ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ వాళ్ల స్థిరమైన 6×42, నైట్‌ఫోర్స్ 2.5-10×42. అవి 20 ఔన్సుల దగ్గర తూగుతాయి. 12 ఔన్సులవి దెబ్బకి ఆగుతాయా, 20 ఔన్సులవే కావాలా అని ఇక్కడి వేటగాళ్ల మధ్య ఎడతెగని వాదన ఉంది. నా అభిప్రాయం అడిగితే, రెండింటి మధ్య తేడా 8 ఔన్సులు, అంటే ఒక చిన్న గ్లాసు నీళ్లు. కొండెక్కి కాల్చేవాళ్లు ఆ గ్లాసు మోయొచ్చు. నేను మాత్రం 12 ఔన్సులదే వాడుతున్నా, కాకపోతే కింద చెప్పే పరీక్ష పాసయ్యాకే.

లూపోల్డ్, వోర్టెక్స్ రెండూ స్కోప్‌కి జీవితకాలం గ్యారంటీ ఇస్తాయి, మొదటి ఓనర్ మీరే కానక్కర్లేదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనడంలో తప్పులేదు. ఒక్క జాగ్రత్త: లూపోల్డ్ పేరుతో నకిలీలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా కనిపిస్తే నమ్మకండి.

కొన్న తర్వాత సగం పాపాలు రింగుల దగ్గరే జరుగుతాయి. "స్కోప్ పాడైంది" అని తెచ్చేవాటిలో స్క్రూ వదులైనవి తక్కువేం కాదు. అల్యూమినియం రింగులు తీసుకోండి, స్టీల్‌తో పోలిస్తే సగం బరువు. బేస్ స్క్రూలకి నూనె తుడిచి, నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క వేయండి. రింగుల స్క్రూలని చేతి అంచనాతో బిగించొద్దు, టార్క్ స్క్రూడ్రైవర్ కొనండి. రింగులకి సాధారణంగా 15-18 ఇంచ్-పౌండ్లు, కానీ మీ రింగుల పెట్టెలో కాగితం ఏం చెప్తే అదే ఫైనల్. మరీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగం సరిగా కదలదు. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉండాలి. చలికాలం జాకెట్ వేసుకుని సరిచూసుకోండి, లేకపోతే మొదటి తూటాకే కనుబొమ్మ చిట్లుతుంది.

ఇక పరీక్ష. ముందు 25 యార్డుల్లో కాగితం మీద పడేలా చేసి, తర్వాత 100 యార్డుల్లో జీరో చేయండి. మూడు తూటాలు దగ్గరగా పడ్డాయని ఇంటికి రాకండి. మూడు అదృష్టవశాత్తూ పడొచ్చు, పది కాల్చి వాటి మధ్య ఎక్కడుందో చూడండి. తర్వాత 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతి మలుపులో కాల్చండి. ఒక క్లిక్ 100 యార్డుల్లో పావు అంగుళం కాబట్టి దాదాపు 5 అంగుళాల చతురస్రం రావాలి, చివరి తూటా మొదటిదాని దగ్గరికే రావాలి. ఆ తర్వాత నేను ఒకటి చేస్తాను, కంపెనీలు మెచ్చుకోవు: రైఫిల్ ఖాళీ చేసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మోకాలెత్తు నుంచి మందపాటి ఫోమ్ మీద పక్కకి వదిలేస్తాను. మళ్లీ కాలుస్తాను. జీరో జరిగితే రిటర్న్ గడువు ఉండగానే తెలుస్తుంది. తూటాల ఖర్చు వంద డాలర్ల దాకా అవుతుంది. కొండ మీదకి కారులో ఎగుడుదిగుడు దారిన వెళ్లాక, వేటకి ముందు రోజు ఇంకో రెండు తూటాలు కాల్చి చూస్తాను. ఆ ఏడాది ఈ రెండు తూటాలే కాల్చలేదు.

చివరగా, ఇద్దరు ముగ్గురు అడిగారు: "ఊళ్లో మామయ్యకి ఒక స్కోప్ గిఫ్ట్‌గా తీసుకెళ్లొచ్చా?" వద్దు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందకి వస్తాయి, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకెళ్లే వస్తువు కాదు. దుబాయ్, దోహా మీదుగా టికెట్ అయితే అక్కడి చట్టాలు కూడా అడ్డొస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు మన దగ్గర సరదా వేట అనేదే లేదు కాబట్టి మామయ్య దాంతో చేసేదీ లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది బ్యాగు. రేంజ్‌కి వాడిన బ్యాకప్యాక్‌నే సెలవులకి ఇండియా తీసుకెళ్లి, అరలో మూల మిగిలిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో పట్టుబడినవాళ్లున్నారు. ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక జరిగిందని కోర్టులో తేల్చుకునేసరికి సెలవులు, ఒక్కోసారి వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ కూడా పోతాయి. రేంజ్‌కి వేరే బ్యాగు పెట్టుకోండి. నాది ముదురు నారింజ రంగుది, పొరపాటున కూడా దాంతో విమానం ఎక్కబుద్ధి కాదు.